బుసీసి రేవు

2025 జూన్ నెలలో ఒకనాటి సాయంత్రం మా అబ్బాయి నా ఫోనుకు ఒక చిన్న వీడియో పంపించాడు. కారు ముందు అద్దంలోంచి తీసినది. కొత్తగా వేసిన నల్లని రోడ్డు, దానికి రెండు ప్రక్కలా కనుచూపు మేర నీళ్ళు, నడుమ ఎత్తైన స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా దిగిన తీగెలు. నాలుగు నిమిషాలు గడిచేసరికి నీళ్ళు అయిపోయి నేల వచ్చింది. అంతే. క్రింద ఒక్క వాక్యం మాత్రం వ్రాశాడు: "నాన్నగారూ, బుసీసి దగ్గర వంతెన తెరిచారు."

చదివిన వెంటనే నాకు సంతోషం కలగలేదు. 'పదేళ్ళు ఆలస్యం' అనుకున్నాను. వంతెన కట్టినవారి మీద ఫిర్యాదు కాదది. నా లెక్క వేరు. ఆ లెక్క ఏమిటో చెప్పడానికే ఈ టపా. కొంచెం దీర్ఘమైనది. తెలుగు పంతులు వ్రాస్తున్నాడు కనుక దారిలో ఒకటి రెండు చోట్ల మాటల పుట్టుక దగ్గర ఆగుతాడు కూడాను. మిత్రులు మన్నించగలరు.

టాంజానియా దేశానికి ఉత్తరపు కొసన విక్టోరియా సరస్సు ఉన్నది. పేరుకు సరస్సే గాని, మంచినీటి సముద్రమనాలి. వైశాల్యంలో ప్రపంచపు మంచినీటి సరస్సులలో రెండవది. దాని దక్షిణపు ఒడ్డు నుంచి ఒక పాయ వంటిది నేలలోకి చొచ్చుకొని వచ్చింది. ఆ పాయకు తూర్పున మ్వాన్జా నగరం, విమానాశ్రయం. పడమట గెయిటా ప్రాంతపు బంగారు నేలలు. తూర్పు ఒడ్డు రేవు పేరు కిగోంగో, పడమటి ఒడ్డు రేవు పేరు బుసీసి. నడుమ సుమారు మూడు కిలోమీటర్ల నీరు. 2025 జూన్ 19న వంతెన ప్రారంభమయ్యే వరకూ లారీలూ, బస్సులూ, మనుషులూ, మేకలూ అందరూ పంటు మీదనే దాటేవారు. పంటు అంటే గోదావరి వాళ్ళకు చెప్పనక్కరలేదు. తక్కినవారు బల్లపరుపుగా ఉండి, వాహనాలను కూడా ఎక్కించుకొనే పెద్ద పడవను ఊహించుకోవలసింది.

మా అబ్బాయి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివాడు. నాలుగేళ్ళు మన దేశంలోనే ఇనుపరాతి కొండల మీద తిరిగి, 2012లో టాంజానియా వెళ్ళాడు. బంగారాన్ని అన్వేషించే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. ఎనిమిది వారాలు అడవిలో పని, మూడు వారాలు సెలవు. మా ఊళ్ళో ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నన్ను చూసిన ప్రతివారూ, "మీకేమండీ మేష్టారూ, మీవాడు బంగారపు గనిలోనే ఉన్నాడు" అనడం మొదలుపెట్టారు. గని వేరు, అన్వేషణ వేరు అని నాకే అప్పుడు తెలియదు. గని అంటే ఉన్నదని తెలిసిన దానిని తవ్వుకోవడం. అన్వేషణ అంటే ఉన్నదో లేదో తెలియనిదాని కోసం ఏళ్ళ తరబడి నేలను అడగడం. నేల చాలాసార్లు లేదనే చెబుతుంది.

2015 ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం తెల్లవారుజామున మా ఇంటావిడ గుండెపోటుతో పోయింది. ముందురోజు రాత్రి ఆవకాయకు కాయలు ఎవరి తోటలోవి తీసుకోవాలని నాతో వాదించి పడుకున్న మనిషి, అయిదు గంటలకు లేచి, మంచినీళ్ళు అడిగి, నేను చెంబు తెచ్చేలోపల వెళ్ళిపోయింది. మా అమ్మాయి కాకినాడ నుంచి మూడు గంటలలో వచ్చింది. అబ్బాయి ఫోను మ్రోగలేదు. క్యాంపు నంబరుకు చేస్తే, వాడు అక్కడ కూడా లేడనీ, ఇంకా లోపలికి, డ్రిల్లు వేస్తున్న చోటికి వెళ్ళాడనీ, మనిషిని పంపుతామనీ చెప్పారు. సాయంత్రానికి వాడి గొంతు ఒక్క నిమిషం వినిపించింది. "బయలుదేరుతున్నానండీ" అన్నాడు. లైను తెగిపోయింది.

బుధవారం మధ్యాహ్నం వరకూ చూశాము. మండుటెండలు. పెద్దలు ఇక ఉంచకూడదన్నారు. నేనే నిప్పు పెట్టాను. ముప్పై ఒక్క సంవత్సరాలు నాతో కాపురం చేసిన మనిషికి కొడుకుండగా నేను కొరివి పెట్టవలసివచ్చిందన్న మాట ఆ రోజు నా నెత్తి మీద కూర్చుంది, ఇక దిగలేదు.

శుక్రవారం సాయంత్రం వాడు వచ్చాడు. సంచయనం కూడా అయిపోయింది. అరుగు మీద నేనూ, పదిమంది బంధువులూ కూర్చుని ఉన్నాము. వీధి గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లకు ఎర్రమట్టి ఎండి, అట్టలు కట్టి ఉన్నది. ఆ మట్టిని చూడగానే నాకేమయిందో, అందరూ వింటూండగా, "ఏమిరా, బంగారం దొరికిందా?" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూసి, "లేదండీ" అన్నాడు. అని, బూట్లు విప్పుకొని, నూతి దగ్గరకు వెళ్ళాడు.

కర్మ అంతా నేనే నడిపించాను. వాడు గుండు చేయించుకొని నా ప్రక్కన కూర్చున్నాడు. పన్నెండవనాడు ముగిసిన తరువాత వెళ్ళిపోయాడు. ఆ రెండేళ్ళలో ఆదివారం తప్పకుండా ఫోను చేసేవాడు. భోజనం చేశారా, మందులు వేసుకుంటున్నారా, అక్కడ వానలున్నాయా. నేను కూడా ఇంచుమించు అవే అడిగేవాణ్ణి. సెలవులకు వచ్చినప్పుడు చేయవలసిన పనులన్నీ చేసేవాడు. పెంకులు నేయించాడు, నా కంటికి శుక్లాల ఆపరేషను చేయించాడు. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. ఆలస్యానికి కారణం నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రావాలనుకుంటే రావచ్చునన్నది నా మనసులోని మాట. ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఒక రోజులో రాగలిగే కాలం కదా.

2017 జూన్‌లో నేను పదవీ విరమణ చేశాను. జులైలో వాడు టిక్కెట్టు పంపించాడు. "ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాడు. హైదరాబాదు నుంచి దుబాయి, అక్కడ నుంచి దార్ ఎస్ సలామ్, అక్కడ నుంచి మ్వాన్జా. ఎక్కడా పెద్దగా ఆగకుండానే మా ఊరి గుమ్మం నుంచి మ్వాన్జాకు రెండు రాత్రులూ ఒక పగలూ పట్టింది. అన్నీ ముందుగా కుదిరిన టిక్కెట్లతో. ఇది నేను మనసులో గుర్తు పెట్టుకొన్న మొదటి సంగతి.

మ్వాన్జాలో దిగగానే నాకు హైదరాబాదు గుర్తుకు వచ్చింది. ఊరంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న గుండ్రాళ్ళే. కొన్ని సరస్సులో నిలబడి ఉన్నాయి. మా అబ్బాయితో వచ్చిన డ్రైవరు నన్ను చూసి కొంచెం వంగి, "షికమో, బాబు" అన్నాడు. అరవై ఏళ్ళవాణ్ణి పట్టుకొని బాబూ అంటాడేమిటని చూశాను. ఆ భాషలో బాబు అంటే తాతగారట! మనం మనవణ్ణి పిలిచే మాటతో వారు తాతను పిలుస్తారు. షికమో అన్నది పెద్దలకు మాత్రమే పెట్టే వందనం. 'మీ పాదాలు పట్టుకుంటున్నాను' అన్న వాక్యం అరిగి అరిగి ఆ మాట అయిందని చెబుతారు. దానికి పెద్దవారు "మరహబా" అని జవాబివ్వాలి. మన దగ్గర పాదాభివందనం పెళ్ళిళ్ళకు పరిమితమైపోతున్న కాలంలో, అక్కడ బడికి పోయే పిల్లలు రోడ్డు మీద ఎదురుపడిన ఈ అపరిచితుడికి దానిని మాటతో సమర్పిస్తూ పోయారు.

స్వాహిలీ భాష నన్ను మొదటి రోజే పట్టుకొన్నది. దుకాణం వారికి 'దుకా', కలం 'కలము', వకీలు 'వకీలి', బండి 'గారి'. అరబ్బీ ఖబరు మన దగ్గరకు వచ్చి కబురు అయింది, వారి దగ్గరకు వెళ్ళి 'హబారి' అయింది. ఎదురుపడితే "హబారి?" అని అడుగుతారు. ఏం కబురు అని. "న్జూరి", మంచిదే, అని చెప్పాలి. ఇంట్లో ఎవరైనా పోయి ఉన్నా ముందు మంచిదే అని, తరువాత మెల్లగా అసలు సంగతి చెబుతారట. ఇంకొక విశేషం గడియారం. వారి లెక్క సూర్యోదయంతో మొదలు. మనం ఉదయం 7 అనేది వారికి 1 గంట; చీకటి పడిన తరువాత మళ్ళీ 1 నుంచి. మన పూర్వులు సూర్యోదయాది ఘడియలు లెక్కించిన పద్ధతికి దగ్గర చుట్టమే.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణని తెలిస్తే చాలు, 'మ్వలిము' అని కుర్చీ వేసేవారు. వారి జాతిపిత జూలియస్ న్యెరేరేను దేశమంతా పిలిచేది ఆ మాటతోనే. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, దేశాధ్యక్షుడై, ఆ పదవిలో ఉంటూనే షేక్స్పియర్ నాటకాలు 'జూలియస్ సీజర్'నూ, 'మర్చంట్ ఆఫ్ వెనిస్'నూ స్వాహిలీలోకి అనువదించిన మనిషి. పంతులు అన్న మాటను ఒక దేశం బిరుదుగా చేసుకున్నదని వింటే నా ఛాతీ ఒక అంగుళం పెరగకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు కిగోంగోలో పంటు ఎక్కి, అరగంటలో బుసీసిలో దిగి, సెంగెరెమా, గెయిటా దాటి వెళ్ళాము. గెయిటా తరువాత తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారి పట్టాము. కారు చక్రాల వెనుక దుమ్ము గోడలా లేచేది. మూడు గంటలపాటు అడవి. ఆకు రాల్చే పొట్టి చెట్ల అడవి, అక్కడక్కడ మొక్కజొన్న చేలు, ఆవుల మందలు, వాటి వెనుక సుకుమా జాతి పిల్లలు. కిటికీ దించితే త్సెత్సె ఈగలు వచ్చి చొక్కా మీద నుంచే కుడుతున్నాయి.

క్యాంపు అంటే పన్నెండు గుడారాలు, ఒక వంటపాక, ఒక జనరేటరు, ఒక బోరు, కంచె. పై అధికారి అనుమతితో నాకు నాలుగు రాత్రులు ఒక గుడారం ఇచ్చారు. రాత్రి పదిన్నరకు జనరేటరు ఆపేస్తారు. ఆ తరువాత ఉండే చీకటి మన ఊళ్ళలో ఇప్పుడు లేదు. దోమతెర నాలుగు అంచులూ పరుపు క్రిందికి దోపుకోవాలి. మలేరియా అక్కడ జలుబు వంటిది. వాడికి అయిదేళ్ళలో నాలుగుసార్లు వచ్చిందని వంటామె చెబితే తెలిసింది. ఆమె నాకోసం మొక్కజొన్న పిండితో 'ఉగాలి' ముద్ద చేసి, 'మ్చిచా' కూర వండింది. చూద్దును గదా, తోటకూర! కొబ్బరిపాలు పోసిన తోటకూర. కోనసీమవాడికి ఇంతకన్న ఏమి కావాలి? మా అబ్బాయి మాత్రం మంచం క్రింద నుంచి ఒక గాజు సీసా తీశాడు. అడుగున నూనె తప్ప ఏమీ లేదు. "అమ్మ ఆఖరి ఆవకాయ. తినడానికి కాదండీ, ఊరికే ఉంచుకున్నాను" అని మళ్ళీ మూత పెట్టాడు. నేను అన్నం కలుపుకుంటున్నట్లు తల వంచుకున్నాను.

పని చూపించాడు. ముందు నేల మీద గీతలు గీసినట్లు వరుసలలో నడిచి, కొలిచిన దూరానికొకచోట మట్టి తీస్తారు. పుట్టలను కూడా వదలరు. చెదలు లోతు నుంచి మట్టి పైకి తెస్తాయి కనుక, క్రింద ఏమున్నదో పుట్టమట్టి చెబుతుందట. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉదకార్గళాధ్యాయమని ఒకటి పెట్టి, పుట్టలను చూసి భూమిలో నీటి జాడ తెలుసుకొనే విధానం చెప్పాడని వాడితో అన్నాను. వాడు తన పుస్తకంలో వ్రాసుకున్నాడు. రెండేళ్ళలో నేను వాడికి చెప్పిన మొదటి పనికివచ్చే మాట అది కావచ్చు.

మట్టిలో జాడ కనిపించిన చోట డ్రిల్లు దింపుతారు. వజ్రపు పొడి పొదిగిన ఉక్కు మొనతో రాతిని కోస్తూ పోతే, చెరుకు గడల వలె రాతి కడ్డీలు పైకి వస్తాయి. దానిని 'కోర్' అంటారు. పెట్టెలలో వరుసగా పేర్చి, ఏ కడ్డీ ఎంత లోతు నుంచి వచ్చిందో వ్రాస్తారు. ఒక కడ్డీ నా చేతిలో పెట్టి, "ఇది సుమారు 270 కోట్ల సంవత్సరాల నాటి రాయి" అన్నాడు. కల్పానికి 432 కోట్ల సంవత్సరాలని చిన్నతనంలో వల్లించినవాణ్ణి. అంత పెద్ద అంకె నా అరచేతిలో చల్లగా, బరువుగా ఉన్నది. మన కోలారు రాయి కూడా ఇంచుమించు ఆ కాలానిదేనట. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

కడ్డీని నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని నలిపించి పరీక్షకు పంపుతారు. రెండవ సగం పెట్టెలోనే ఉంటుంది. టన్ను రాతిలో రెండు గ్రాములుంటే మంచి వార్తే. పరీక్షకు పంపే సంచుల నడుమ బంగారం బొత్తిగా లేదని తెలిసిన రాయి కూడా ఒక సంచిలో పెడతారు, ప్రయోగశాల వారికి చెప్పకుండా. అందులో కూడా బంగారం ఉన్నదని లెక్క వస్తే, ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. పరీక్ష పెట్టేవారికే పరీక్ష! ముప్పై ఆరేళ్ళు జవాబు పత్రాలు దిద్దిన నాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది.

పొడవైన రేకుల షెడ్డులో వేల కొద్దీ పెట్టెలున్నాయి. "వీటిలో ఎన్నింటిలో దొరికింది?" అని అడిగాను. అడిగిన తరువాత నా మాట నాకే ఎక్కడో తగిలింది.

వాడు మామూలుగానే జవాబిచ్చాడు. "చాలావాటిలో లేదండీ. అటువంటి చోట చెప్పుకోదగ్గది లేదని వ్రాసి సంతకం పెడతాము. అది కూడా ఫలితమే. వ్రాయకపోతే పదేళ్ళకు ఇంకొకడు వచ్చి, మళ్ళీ అక్కడే తవ్వుకుంటాడు."

ఆ నెలలోనే ఆ దేశపు శాసనసభ గనుల చట్టాలను మార్చింది. క్యాంపులో అందరి నోటా అదే మాట: సంస్థ ఉంటుందా, మూటగట్టుకొని పోతుందా అని. డ్రిల్లు మీద పనిచేసే కుర్రవాళ్ళు భోజనాల దగ్గర మా అబ్బాయి ముఖం వంక చూసేవారు. వాడికి తెలిసింది వారికన్న ఎక్కువేమీ కాదు.

మూడవనాడు వాడు పనిలో ఉండగా, డ్రైవరు నన్ను నీళ్ళ తొట్టి నింపుకోవడానికి వెళుతూ వెంట తీసుకువెళ్ళాడు. కొంచెం ఇంగ్లీషు వచ్చినవాడు. క్యాంపుకు పదిహేను కిలోమీటర్లలో దారి ఒక ఇసుక వాగులోకి దిగింది. చుక్క నీరు లేదు. నడుమ బండి ఆపి, "మ్వలిము, ఆ రాత్రి మేము ఆగిపోయింది ఇక్కడే" అన్నాడు.

ఏ రాత్రి అని అడగనక్కరలేకపోయింది. చుట్టూ చూశాను. ఎండిన ఇసుక. ఆవులు నడిచిపోయిన గిట్టల గుర్తులు. 'దీనికా?' అనుకున్నాను. నా ముఖంలో అది కనిపించి ఉంటుంది. అతడు ఒడ్డున ఉన్న చెట్టు వైపు వేలు చూపించాడు. నా తలకు రెండు మూరల పైన, కొమ్మల పంగలో, ఎండిన గడ్డీ పుల్లలూ చిక్కుకొని వేలాడుతున్నాయి. వరద మోసుకువచ్చి అక్కడ తగిలించి పోయిన చెత్త. అక్కడ మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు.

అతడు చెప్పింది ఇది. కబురు తీసుకొని డ్రిల్లు దగ్గరకు వెళ్ళింది అతడే. సాయంత్రం బయలుదేరి వాగు దగ్గరకు వచ్చేసరికి అది ఒడ్డులొరసి పోతున్నది. మా అబ్బాయి నడుముకు తాడు కట్టుకొని దిగుతానన్నాడు. ఒకసారి దిగాడు కూడా. అతడూ, మరొకడూ కలిసి పట్టి లాగి, తాడు దాచేశారు. నీరు తగ్గేవరకు వానలో కూర్చున్నారు. "బుసీసికి వచ్చేసరికి రాత్రి ఏడు అయింది. పంటు లేదు" అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ క్షణాన కూడా నాలోని ప్లీడరు లేచాడు. రాత్రి ఏడు గంటలకే పంటు లేకపోవడమేమిటి? అయితే వాగు దగ్గర ఎంతసేపు ఆగినట్లు? అడగబోయి ఆగాను. వారి ఏడు అంటే మన ఒంటిగంట. అర్ధరాత్రి దాటిన తరువాత ఒంటిగంట.

తెల్లవారి మొదటి పంటు వచ్చేవరకు అయిదు గంటలు వాడు రేవులో రాతి మీద కూర్చున్నాడట. కారులోకి రమ్మంటే రాలేదట. "మీ ఊరు ఎటువైపు అని అడిగాను. నీళ్ళవైపు చూపించాడు" అన్నాడు డ్రైవరు. మ్వాన్జాలో ఉదయపు విమానం పోయింది. దానితో దార్ ఎస్ సలామ్‌లో రాత్రి విమానం పోయింది. ఒక వాగు ఆపిన కొన్ని గంటలు దారి పొడుగునా పెరుగుతూ పోయి రెండు రోజులయ్యాయి.

ఇంకొకటి కూడా చెప్పాడు. అక్కడ ఎవరింట చావు జరిగినా తోటివారంతా తలా కొంత వేసి ఇస్తారు. దానిని 'రాంబిరాంబి' అంటారు. మా అబ్బాయి తిరిగి వెళ్ళిన రోజున క్యాంపులో అందరూ వరుసగా వచ్చి, చేయి పట్టుకొని, "పోలే" అని, ఒక కవరు ఇచ్చారు. వంటామె మొదలు రాతి పెట్టెలు మోసే కుర్రవాడి వరకూ. వాడు ఆ డబ్బుతో మా ఇంటావిడ పేర అందరికీ భోజనం పెట్టాడు. పేర్లూ, ఎవరెంత ఇచ్చారో, ఒక కాగితం మీద వ్రాసుకొని దాచుకొన్నాడు. వారి ఇళ్ళలో ఏదైనా జరిగితే తిరిగి ఇవ్వాలి కదా. నా కోడలు కాదు, కూతురు కాదు, ముక్కూ మొగమూ తెలియని నలభై మంది మా ఇంటావిడ కోసం దుఃఖం పంచుకొన్నారు. ఆ సమయంలో నేను ఇక్కడ వాడి మీద అలిగి కూర్చున్నాను.

ఈ 'పోలే' అన్న మాటకు నేను ఇప్పటికీ తెలుగు వెతుకుతున్నాను. చేతిలోది జారి పడితే పోలే. ప్రయాణం చేసి వస్తే ప్రయాణానికి పోలే. పని చేసి అలసిపోతే పనికి పోలే. చావుకు పోలే. 'నీ కష్టం నాకు తెలిసింది' అని మాత్రమే దాని అర్థం. క్షమాపణ వేరు, దానికి వారికి మరొక మాట ఉన్నది. మనకు అయ్యో ఉన్నది, అది ధ్వని. పాపం ఉన్నది, అది కాస్త పై నుంచి చూసే మాట. క్షమించు అన్నది నాటకాలలో బాగుంటుంది, తండ్రి నోట కొడుకుతో రాదు.

తిరుగు ప్రయాణంలో మేము బుసీసి చేరేసరికి పంటు ఆవలి ఒడ్డున ఉన్నది. గంట పడుతుందన్నారు. రేవులో చేపలు ఎండబెట్టుకుంటున్నారు. ఇద్దరమూ ఒక బండరాతి మీద కూర్చున్నాము. అదే రాయి అవునో కాదో నేను అడగలేదు.

నీళ్ళను చూస్తూ, వాడికి ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. 1986 ఆగస్టు. గోదావరికి మహా వరద. నేను అప్పటికి నరసాపురం వైపు బడిలో పనిచేస్తున్నాను. మా ఇంటావిడ పురిటికి కోనసీమలో పుట్టింట్లో ఉన్నది. సఖినేటిపల్లి పంటు ఆపేశారు. నరసాపురం రేవులో ఒక పగలూ ఒక రాత్రీ నిలబడ్డాను. అవతల నీళ్ళు తప్ప ఊరు కనబడలేదు. వీడు పుట్టిన ఆరవనాడు గాని నేను ఆ ఇంటి గుమ్మం ఎక్కలేకపోయాను. గదిలోకి వెళ్ళడానికి మొగం చెల్లక బయట నిలబడితే, ఆవిడ లోపల నుంచే, "గోదావరి అడ్డం వస్తే మీరు మాత్రం ఏం చేస్తారు? లోపలికి రండి, చూడండి" అన్నది. ఆ తరువాత ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా దానిని ఎత్తి చూపలేదు.

ఇది చెప్పి, ఇక ఏమనాలో తెలియలేదు. ఉభయభాషలలో పరీక్షలు ప్యాసయినవాణ్ణి, ఏ భాషా అందలేదు. చివరకు, "పోలే, నాయనా" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీకెవరు చెప్పారండీ?" అన్నాడు. నేను డ్రైవరు వైపు చూశాను. వాడూ చూశాడు. డ్రైవరు మాకు వీపు చేసి, కారు అద్దాన్ని అవసరానికి మించి తుడుస్తున్నాడు.

"అరిచానండీ ఆ రాత్రి. ఆ నీళ్ళను చూసి అరిచాను" అన్నాడు మా అబ్బాయి. అంతే అన్నాడు. పంటు వచ్చింది. లారీలు ముందు ఎక్కాయి, తరువాత మేము ఎక్కాము. నీటి మీద గాలి చల్లగా ఉంటే తన కోటు తీసి నా భుజాల మీద వేశాడు.

ఆ సంస్థ మరుసటి సంవత్సరం అక్కడి పని మానుకొని వెళ్ళిపోయింది. ఆ షెడ్డులోని పెట్టెలలో చెప్పుకోదగ్గది ఎక్కువగా లేదు. వాడు ఇప్పుడు మరొకచోట, సరస్సుకు అదే ప్రక్కన పనిచేస్తున్నాడు. ఆదివారం ఫోను చేసినప్పుడు మందుల ప్రస్తావన ఇంకా ఉన్నది గాని, దాని తరువాత కూడా మాటలుంటున్నాయి. పనికి పోలే అని నేను మొదలుపెడతాను. వాడు నవ్వి, "మరహబా" అంటాడు. అక్కడ అది పెద్దవారు చిన్నవారికి చెప్పే జవాబు. వ్యాకరణ దోషమని తెలిసే అంటాడు.

వంతెన వీడియోను ఆ రాత్రి మళ్ళీ రెండుసార్లు చూశాను. మూడవసారి చూస్తున్నప్పుడు, క్రింద నీళ్ళలో ఒక మూలగా పాత రేవు కనిపించింది. అక్కడ ఆపి, మా ఇంటావిడ పటం ముందు కాసేపు ఫోనును అలాగే పట్టుకొని నిలబడ్డాను. ఆవిడ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "మరి నరసాపురం దగ్గర ఎప్పుడు కడతారట?" అనేది.